కరెంటు పోని దేశపు సోలారు, కరెంటు పోయే దేశపు ఇన్వర్టరు

ఈ మధ్య మా ఆఫీసులో ఏ ఇద్దరు కలిసినా సోలార్ గురించే మాట్లాడుతున్నారు. ఊళ్ళో అమ్మానాన్నల ఇంటి మీద పెట్టించినవాళ్ళు కొందరు, శివార్లలో ఇల్లు కట్టుకుని పెట్టించబోతున్నవాళ్ళు కొందరు. అందరి నోటా ఒకటే మాట: "సోలార్ వచ్చేసింది కదా, ఇంక ఆ ఇన్వర్టరూ, బ్యాటరీ తీసి పాతసామాన్లవాడికి వేసేయొచ్చు". ట్రిపుల్‌ఈ చదివి బయటపడ్డవాళ్ళు కూడా ఇదే మాట అంటుంటే ఇక రాయక తప్పలేదు.

విషయం ముందే చెప్పేస్తాను. ఇప్పుడు ఎక్కువమంది పెట్టిస్తున్న రకం సోలార్ అయితే, మిట్టమధ్యాహ్నం ఎండ మాడ్చేస్తున్నప్పుడు కరెంటు పోయినా సరే, డాబా మీది మూడు కిలోవాట్ల ప్యానెళ్ళు ఇంట్లో ఒక్క ఫ్యాను కూడా తిప్పవు. అది పాడైపోయి కాదు. దాన్ని తయారుచేసిందే అలా. ఎందుకలా తయారుచేశారో తెలియాలంటే కాస్త చరిత్రలోకి వెళ్ళాలి. ఇన్వర్టర్, సోలార్ రెండూ ఒకే గోడకి పక్కపక్కన వేలాడినా ఒక తల్లి పిల్లలు కావు. ఒకటి కరెంటు పోయే చోట పెరిగింది, ఇంకోటి కరెంటు పోని చోట పెరిగింది.

మొదట బ్యాటరీ సంగతి. మన ఇళ్ళల్లో మూలన కూర్చునే ఆ బరువైన లెడ్ యాసిడ్ బ్యాటరీని గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1859లో తయారుచేశాడు. అప్పటికి ఎడిసన్ బల్బు కూడా రాలేదు. 1882లో ఎడిసన్ న్యూయార్కులో పెర్ల్ స్ట్రీట్ విద్యుత్ కేంద్రం మొదలుపెట్టినప్పుడు ఇచ్చింది డీసీ కరెంటు. డీసీతో ఒక సుఖం ఉంది, దాన్ని నేరుగా బ్యాటరీలో దాచుకోవచ్చు. ఆ తర్వాతి సంవత్సరాల్లో చాలా డీసీ కేంద్రాలు పెద్దపెద్ద బ్యాటరీలు పెట్టుకుని, వాడకం తక్కువున్నప్పుడు నింపుకుని, ఎక్కువైనప్పుడు వాడుకునేవి. అంటే "బ్యాకప్" అనే ఆలోచన కరెంటు పుట్టినప్పుడే పుట్టింది.

తర్వాత ఏసీ గెలిచింది. 1896లో నయాగరా జలపాతం నుంచి బఫెలో నగరానికి ఏసీలో కరెంటు వెళ్ళాక ఇక వెనక్కి చూసే పని లేకపోయింది. దూరాలకి పంపాలంటే ఓల్టేజీ పెంచాలి, వాడుకోవాలంటే తగ్గించాలి, ఆ పని ట్రాన్స్‌ఫార్మర్ ఏసీతోనే చేయగలదు. కానీ ఏసీని బ్యాటరీలో దాచలేం. దూరం కోసం దాపరికాన్ని వదులుకున్నాం అన్నమాట. అప్పట్నుంచీ కరెంటుకి ఒకటే నియమం: ఏ క్షణం తయారైంది ఆ క్షణమే ఖర్చయిపోవాలి. తయారీ తగ్గి వాడకం పెరిగితే ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ నుంచి కిందికి జారుతుంది. మరీ జారితే మొత్తం గ్రిడ్డే కూలుతుంది. అలా కూలకుండా కొన్ని ఫీడర్లని కావాలని ఆపేయడమే మన భాషలో కరెంటు కోత.

ఏసీని డీసీగా మార్చేది రెక్టిఫయర్. దాన్నే తిరగేసి డీసీ నుంచి ఏసీ తెప్పిస్తే అది ఇన్వర్టర్. ఈ పేరుతో 1925లోనే జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళ పత్రికలో డేవిడ్ ప్రిన్స్ అనే ఇంజనీరు వ్యాసం రాశాడు. అప్పట్లో అవి గాజు గొట్టాల కాలపు యంత్రాలు. సెమీకండక్టర్ స్విచ్చులు వచ్చి, అవి చవకయ్యేవరకూ ఇంట్లో పెట్టుకునే ఇన్వర్టర్ మామూలు మనిషికి అందలేదు.

ఇక మన దగ్గరికి వద్దాం. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున నిజాం కాలంలో, 1920లో థర్మల్ విద్యుత్ కేంద్రం మొదలైంది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక 1959లో విద్యుత్ బోర్డు వచ్చింది. మాచ్‌ఖండ్, నాగార్జునసాగర్, శ్రీశైలం అంటూ నీళ్ళ కరెంటు. కొత్తగూడెం, విజయవాడ, రామగుండం అంటూ బొగ్గు కరెంటు. వానలు బాగా పడి డ్యాములు నిండితే సరే, లేకపోతే వేసవి నాటికి కోతలు. వాన లేని ఏడాదే బోరు మోటార్లు ఎక్కువ ఆడాలి, ఆ ఏడాదే డ్యాముల్లో నీళ్ళుండవు. అవసరమూ, కొరతా ఒకే రోజు గుమ్మంలోకి వచ్చేవి.

ఇందులో రాజకీయం కూడా తక్కువేం లేదు. 1998లో సంస్కరణల చట్టం, 1999లో బోర్డుని జెన్కో, ట్రాన్స్‌కోలుగా విడగొట్టడం, 2000లో చార్జీల పెంపు మీద ఆందోళన, ఆ ఏడాది ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు, ముగ్గురి మరణం, 2004లో రైతులకి ఉచిత విద్యుత్తు. కరెంటు బిల్లు ప్రభుత్వాల తలరాతలు రాసిన రాష్ట్రం మనది.

సరిగ్గా ఈ సంవత్సరాల్లోనే ఇన్వర్టర్ మన ఇళ్ళల్లోకి వచ్చింది. అంతకుముందు కోతకి మందు లాంతరు, కొవ్వొత్తి, విసనకర్ర, డాబా మీద మంచం. తర్వాత చార్జింగ్ పెట్టుకునే ఎమర్జెన్సీ లైటు. దుకాణాల్లో, ఆస్పత్రుల్లో చప్పుడు చేసే జనరేటరు. 1990ల చివర్లో, 2000ల మొదట్లో మధ్యతరగతి ఇంటి మెట్ల కింద ఇన్వర్టర్ చేరింది. అప్పటివి ఎక్కువగా స్క్వేర్ వేవ్ రకం. కరెంటు పోగానే ఫ్యాను "గుయ్య్" మని ఒక రాగం అందుకునేది, ట్యూబ్‌లైటు చోక్ దానికి వంత పాడేది. పక్కింట్లో ఇన్వర్టర్ ఉందో లేదో ఆ చప్పుడే చెప్పేది. తర్వాత సైన్ వేవ్ వచ్చి ఆ రాగం పోయింది.

బ్యాటరీల్లో కూడా ఇలాంటి మార్పే జరిగింది. కారు బ్యాటరీ పని ఇంజన్ తిప్పడానికి కొన్ని సెకన్లు గట్టిగా కరెంటు ఇవ్వడం. దాన్ని తెచ్చి ఇన్వర్టర్‌కి తగిలించి రోజూ మూడు గంటలు పీల్చేస్తే తొందరగా చచ్చిపోతుంది. రోజూ ఖాళీ అవుతూ నిండుతూ ఉండే పనికి పుట్టింది ట్యూబులర్ బ్యాటరీ. మన ఇళ్ళల్లో మోకాలెత్తున నిలబడి ఉండేది అదే. మనవాళ్ళ చెయ్యి కూడా ఈ కథలో గట్టిగానే ఉంది. హైదరాబాదులో 1977లో మొదలైన హెచ్‌బీఎల్, 1985లో తిరుపతి దగ్గర గల్లా రామచంద్రనాయుడు పెట్టిన అమరరాజా, రెండూ బ్యాటరీలు చేసినవే. అమరాన్ పేరు బజార్లోకి వచ్చింది 2000లో.

నా ఈడు వాళ్ళకి ఇంటర్ రోజులు అనగానే గుర్తొచ్చేది 2012, 2013 కోతలు. కేజీ బేసిన్ గ్యాస్ పడిపోయి, దాన్ని నమ్ముకుని కట్టిన గ్యాస్ కేంద్రాలు పడుకున్నాయి. ఫ్యాక్టరీలకి పవర్ హాలిడేలు. కోతల పట్టిక పేపర్లో పడేది. అందులో ఒక వరుస ఉండేది: రాజధానికి కొంచెం, జిల్లా కేంద్రానికి ఇంకొంచెం, మండల కేంద్రానికి ఎక్కువ, పల్లెకి అన్నిటికంటే ఎక్కువ. ఎవరి మాట గట్టిగా వినిపిస్తుందో వాళ్ళకి కోత తక్కువ. దాని మీద ఇంకో పొర ఇన్వర్టర్. కోత అందరికీ, ఉపశమనం మాత్రం కొనుక్కున్నవాడికి.

ఇక్కడ ఇంజనీర్లం కాబట్టి ఒక లెక్క చూడాలి. కరెంటుని బ్యాటరీలోకి ఎక్కించి మళ్ళీ దింపితే దారిలో చాలా పోతుంది. పాత ట్రాన్స్‌ఫార్మర్ ఇన్వర్టర్, లెడ్ యాసిడ్ జతలో పెట్టిన దానిలో చేతికొచ్చేది సుమారు మూడింట రెండు వంతులే. పైగా కరెంటు రాగానే ఊళ్ళో ఇన్వర్టర్లన్నీ ఒక్కసారిగా చార్జింగ్ మొదలుపెడతాయి. అంటే కొరత నుంచి తప్పించుకోవడానికి కొన్న పెట్టె ఆ కొరతనే కాస్త పెంచింది. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటుంది. ఇన్వర్టర్ ఉన్నవాడు సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేయడం మానేశాడు. కరెంటు పోయిందన్న సంగతే అతనికి తెలియదు మరి. ఊళ్ళో అడగగలిగిన నోరున్నవాళ్ళందరూ ముందే కొనేసుకుంటే, మిగిలినవాళ్ళ తరఫున అడిగేదెవరు?

తర్వాత పరిస్థితి మారింది. 2012 జులైలో ఉత్తర భారతం మొత్తం చీకటైనప్పుడు దక్షిణాది బతికిపోవడానికి కారణం మన గ్రిడ్ వాళ్ళతో ఏసీ లైన్లతో కలిసి లేకపోవడం. అదే కారణంగా బయటినుంచి కావలసినంత కరెంటు తెచ్చుకోలేకపోయాం కూడా. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ లైనుతో దేశమంతా ఒకే గ్రిడ్ అయింది. కొత్త కేంద్రాలు వచ్చాయి. 2014లో రాష్ట్రం రెండయ్యాక రెండు వైపులా కొరత కోతలు తగ్గుతూ వచ్చాయి. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి కూడా 24 గంటల సరఫరా మొదలుపెట్టారు.

అయితే కరెంటు పోవడం ఆగిందా? ఆగలేదు, పోయే కారణం మారింది. పట్టిక ప్రకారం రెండు గంటలు పోవడం తగ్గి, గాలివానకి కొమ్మ విరిగి పడితేనో, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతేనో పోవడం మిగిలింది. ఇక 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖపట్నంలో చూపించింది మూడో రకం. స్తంభాలే నేలకొరిగితే దేశంలో ఎంత కరెంటున్నా ఏం లాభం? కొన్ని కాలనీలకి రోజుల తరబడి కరెంటు లేదు. ఇన్వర్టర్ ఆ మొదటి రాత్రే చేతులెత్తేస్తుంది, ఎందుకంటే దాన్ని నింపాల్సిందీ ఆ తీగే. మూడు గంటల కోతని లెక్కలో పెట్టుకుని పెరిగిన యంత్రానికి మూడు రోజుల చీకటి గురించి ఏం తెలుసు?

ఇప్పుడు రెండో వంశం. నేటి సిలికాన్ సోలార్ సెల్‌ని బెల్ ల్యాబ్స్‌లో చాపిన్, ఫుల్లర్, పియర్సన్ అనే ముగ్గురు 1954లో ప్రపంచానికి చూపించారు. ఎండలో సుమారు 6 శాతాన్ని కరెంటుగా మార్చేది. 1958లో వాన్‌గార్డ్-1 ఉపగ్రహం మీద ఎక్కింది. అంతరిక్షంలోనూ, తీగ చేరని మారుమూలల్లోనూ సోలార్‌కి తోడు బ్యాటరీ తప్పనిసరి. మన పల్లెల్లో వీధి దీపాలుగా, సోలార్ లాంతర్లుగా మొదట వచ్చింది ఈ రకమే. అప్పటికి రెండు వంశాలకీ చుట్టరికం ఉందనే చెప్పాలి.

దారి మారింది ధనిక దేశాల్లో. చమురు సంక్షోభాల తర్వాత అమెరికాలో 1983లో మిన్నెసోటా రాష్ట్రం నెట్ మీటరింగ్ చట్టం చేసింది. జర్మనీ 1990లో వెయ్యి ఇళ్ళ పైకప్పుల పథకం పెట్టి, 2000లో సోలార్ కరెంటుకి మంచి ధర ఇచ్చే చట్టం తెచ్చింది. ఆ దేశాల్లో కరెంటు పోవడం ఎప్పుడో గానీ జరగదు. మరి బ్యాటరీ ఎందుకు, దండగ. పగలు మిగిలింది గ్రిడ్డుకి అమ్ము, రాత్రి గ్రిడ్డు నుంచి కొనుక్కో. గ్రిడ్డే నీ బ్యాటరీ. ఈ ఆలోచన మీద తయారైందే గ్రిడ్ టైడ్ ఇన్వర్టర్. పేరు ఇన్వర్టరే, కానీ మెట్ల కింది దానికీ దీనికీ స్వభావంలో పోలికే లేదు.

మెట్ల కింది ఇన్వర్టర్ తన శ్రుతి తానే పెట్టుకుని పాడే గాయకుడు. 50 హెర్ట్జ్ తరంగాన్ని అదే తయారుచేస్తుంది. గ్రిడ్ టైడ్ ది అలా కాదు, శ్రుతిపెట్టె మోగుతుంటేనే పాడుతుంది. గ్రిడ్ తరంగాన్ని చూసి దానితో కలుపుతుంది. గ్రిడ్ పోతే శ్రుతి పోయినట్టే, నోరు మూసుకుంటుంది. అది లోపం కాదు, కావాలని పెట్టిన కట్టుబాటు. స్తంభం మీద లైన్‌మాన్ సరఫరా ఆపుకుని పని చేస్తున్నప్పుడు మన డాబా మీది కరెంటు ఎదురు వెళ్ళి తీగలోకి ఎక్కిందనుకోండి, అతని ప్రాణం పోతుంది. అందుకే గ్రిడ్ పోయిన రెండు సెకన్ల లోపు ఆగిపోవాలని ప్రమాణాలు చెప్తాయి. దీన్నే యాంటీ ఐలాండింగ్ అంటారు.

2025 ఏప్రిల్ 28న స్పెయిన్, పోర్చుగల్ దేశాల్లో గ్రిడ్ కూలింది పట్టపగలు. మంచి ఎండ. ఇళ్ళ మీద ప్యానెళ్ళు మెరుస్తూనే ఉన్నాయి, లోపల దీపం లేదు. బ్యాటరీ, బ్యాకప్ ఏర్పాటు ఉన్న ఇళ్ళు తప్ప మిగతావన్నీ పక్కింటివాళ్ళతో సమానంగా చీకట్లోనే ఉన్నాయి.

మనం అరువు తెచ్చుకున్నది ఈ నమూనానే. 2010లో జాతీయ సోలార్ మిషన్, 2015లో పైకప్పుల మీద 40 గిగావాట్ల లక్ష్యం, 2024 ఫిబ్రవరిలో కోటి ఇళ్ళ లక్ష్యంతో పీఎం సూర్యఘర్ పథకం. మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల రాయితీ. రాయితీ లెక్క ప్యానెళ్ళ కిలోవాట్ల మీదే, బ్యాటరీ సైజు మీద కాదు. పథకం ఉద్దేశం బిల్లు తగ్గించడం, ఆ పని అది బాగానే చేస్తుంది. మన ఎండకి మూడు కిలోవాట్లు రోజుకి సగటున 12 యూనిట్ల దాకా ఇస్తాయి. తప్పు పథకంలో లేదు. బిల్లుకి వేసిన మందుని కోతకి కూడా పనిచేస్తుందని మనం అనుకోవడంలో ఉంది.

కోతలున్న దేశం సోలార్‌ని తన దారిలోకి ఎలా తిప్పుకుంటుందో దక్షిణాఫ్రికా చూపించింది. 2023లో అక్కడ 300 రోజులకు పైగా కోతలే. అక్కడి మధ్యతరగతి ఎగబడి కొన్నది ప్యానెళ్ళు, లిథియం బ్యాటరీ, హైబ్రిడ్ ఇన్వర్టర్ కలిసిన జత. హైబ్రిడ్ అంటే రెండు వంశాలకీ పెళ్ళి చేసినట్టు. గ్రిడ్ ఉంటే దానితో కలుస్తుంది, పోతే తీగ నుంచి విడిపోయి ఇంట్లో కొన్ని పాయింట్లకి తానే శ్రుతి పెడుతుంది. లైన్‌మాన్‌కీ భయం లేదు.

ఇంతకీ ఏం కొనాలి? ముందు మీ ఇంట్లో కరెంటు ఎందుకు పోతోందో పేరు పెట్టండి. అప్పుడప్పుడూ గంటా గంటన్నర పోతోందా, బిల్లు బాధ పెద్దగా లేదా? పాత ఇన్వర్టర్, బ్యాటరీ చాలు, సోలార్ అక్కర్లేదు. కరెంటు బాగానే ఉంటోంది, ఏసీల వల్ల బిల్లు గుండె గుభేల్‌మనిపిస్తోందా? గ్రిడ్ టైడ్ సోలార్ పెట్టించి, ఉన్న ఇన్వర్టర్‌ని ఉన్నచోటే ఉంచండి. రెండూ ఒకే ఇంట్లో హాయిగా ఉంటాయి. పాతసామాన్లవాడిని పిలవకండి. తుఫాను తీరంలో ఉన్నారా, ఇంట్లో ఆక్సిజన్ మిషను లాంటిది ఆధారంగా ఉన్న పెద్దవాళ్ళున్నారా? అప్పుడు హైబ్రిడ్ ఖర్చు దండగ కాదు. కొనేముందు అమ్మేవాడిని ఒక్కటే అడగండి: "మధ్యాహ్నం మెయిన్ ఆపేస్తే ఏ ఏ పాయింట్లు వెలుగుతాయి?" దానికి సూటిగా జవాబు రాకపోతే ఇంకో షాపుకి వెళ్ళండి. పెట్టించాక మెయిన్ ఆపించి చూసిగానీ ఆఖరి వాయిదా ఇవ్వకండి.

సైజు విషయంలో కూడా పాత అలవాటు వదలాలి. 12 ఓల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ అంటే కాగితం మీద 1800 వాట్ అవర్లు. బ్యాటరీ ఎక్కువకాలం బతకాలంటే అందులో వెయ్యి, పదకొండొందలు వాడుకోవడం మంచిది. ఒకప్పుడు రెండు ఫ్యాన్లు, మూడు ట్యూబ్‌లైట్లు కలిపి 300 వాట్లు, అంటే మూడున్నర గంటలు. ఇప్పుడు బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లు, ఎల్‌ఈడీ 10 వాట్లు. రెండు ఫ్యాన్లు, నాలుగు లైట్లు కలిపి 100 వాట్లే. అదే బ్యాటరీ రాత్రంతా వస్తుంది. కాబట్టి రెండో బ్యాటరీ కొనేముందు ఫ్యాన్లు మార్చండి. లిథియంలో 12.8 ఓల్టుల 100 ఏహెచ్ కూడా సుమారు అంతే పని చేస్తుంది, దాన్ని మరింత లోతుగా ఖాళీ చేయొచ్చు కాబట్టి. ఏహెచ్ అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చకండి.

లెడ్ యాసిడా, లిథియమా అన్న ప్రశ్నకి అందరూ ధర, ఎన్నేళ్ళు వస్తుంది అనే రెండు గడులతో ఎక్సెల్ షీటు వేస్తారు. నేనైతే మూడో గడి వేస్తాను: నీళ్ళు ఎవరు పోస్తారు? మనలో చాలామంది ఇక్కడ కూర్చుని ఆన్‌లైన్లో బ్యాటరీ బుక్ చేసి ఊరికి పంపిస్తాం. రెండు మూడు నెలలకోసారి స్టూలు మీద వంగి, కళ్ళజోడు సర్దుకుని, ఆరు మూతల దగ్గర నీటిమట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ పోసేది నాన్న. యాసిడ్ చీరకి తగిలి చిల్లు పడిందని చెప్పేది అమ్మ. మన ఇంట్లో చీకటిని వాళ్ళ నడుములకి అప్పగించి రెండు వేలో, పదివేలో మిగిలాయనుకోవడం నాకు లెక్కలా తోచదు. కొనేటప్పుడు షాపువాడితో పాటు వాళ్ళని కూడా అడగండి. కరెంటు పోయినప్పుడు ఆ ఇంట్లో ఉండేది మనం కాదు కదా.